జేజికి దుమ్ము తగలకుండా

మా జేజి ఊపిరి తీసే సప్పుడు వీధి తలుపు కాడికి వినపడతాండె. బడి నుంచి వచ్చేటప్పుడు మెట్టు మీద కాలు పెట్టకముందే నేను చెవి అటు పెడతాంటి. వినపడితే జేజి ఉండాది అని. వినపడకపోతే పుస్తకాల సంచి మెట్టు మీదనే పారేస్తా. లోపలికి ఉరికిపోయి చూస్తే ఊరికే కునుకు తీస్తాంటాది, అంతే. ఆ భయం నాకు ఎవురూ నేర్పలేదు, దానంతట అదే వచ్చింది. ఇప్పుడు జేజి లేదు, ఆ ఇల్లూ మాది కాదు, నాకూ తలంతా నెరిసింది. అయినా ఎవురింటికి పోయినా గడప తొక్కేముందు ఒక గడియ నిలబడి వింటా. "ఏందత్తా, దొంగ మాదిరి నిలబడతావు?" అని మా కోడలు నగుతాది. నగనీ. దానికేం తెలుసు.

జేజి అంటే మా నాయన తల్లి. పొద్దుటూర్లో మాది మట్టి మిద్దె. కింద నాపబండలు, పైన దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతె కట్టెలు, వాటి మీద కంప పరిచి ఆ పైన మందంగా మట్టి, చౌడు. ఎండాకాలం చల్లగా ఉంటాదని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకునేవాళ్ళు దాని కింద పండుకొని ఒకసారి నోరు తెరిచి చూడాల. పిల్లి నడిచినా, కాకి వాలినా, గాలి గట్టిగా తిరిగినా పైనుంచి సన్నగా మట్టి రాలతానే ఉంటాది. కంచంలో రాలతాది, కంట్లో రాలతాది. మనం తుడుచుకొని లేచిపోతాము. జేజికి అట్ల కాదు. ఆ మట్టి రవ్వంత ముక్కులోకి పోయిందంటే చాలు, దగ్గు పట్టుకుంటాది. దగ్గు వెనకాల గస. మోకాళ్ళ మీద దిండు పెట్టుకొని, దాని మీదికి వాలి, భుజాలు ఎగరేసి ఎగరేసి గాలి లాక్కుంటాండె. మెడ నరాలు తాళ్ళ మాదిరి లేస్తాండె. మంచం మీద వాలి నిద్రపోయిందే లేదు. నాకు తెలిసినప్పటి నుంచి కూకోనే నిద్ర.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్తలో జేజికి ఒకసారి శానా ఎక్కువైంది. మొగానికి తడితువ్వాల కప్పి బస్సులో జమ్మలమడుగు మిషను ఆసుపత్రికి పిల్చుకపోయినారు. నన్ను ఇంట్లో ఎవురూ చూసుకునేవాళ్ళు లేక నన్నూ ఎక్కించుకున్నారు. ఆడ ఒక దొరసాని డాక్టరమ్మ ఉండె. మన మాటలు నేర్చుకున్నాది గాని పుస్తకంలోనుంచి నేర్చుకున్నాది. వీపు మీద గొట్టం పెట్టి ఎంతోసేపు విని, మా అమ్మను దగ్గరికి పిలిచి, "అమ్మా, ఈమెకు సగము మందు నేను ఇచ్చెదను. మిగిలిన సగము నీ చేతిలో ఉన్నది. ఈమెకు దుమ్ము తగలనీయకుము" అని చెప్పింది. ఆ మాట మా అమ్మ కొంగున ముడేసుకొని వచ్చింది.

మా అమ్మకు జేజి అత్త ఒక్కటే కాదు, సొంత మేనత్త. మా అమ్మ పాలు తాగే బిడ్డగా ఉన్నప్పుడే వాళ్ళమ్మ పోతే, జేజి పోయి చంకన ఎత్తుకొని తెచ్చి సాకింది. సాకి, తన పెద్దకొడుక్కే చేసుకుంది. అందుకని వాళ్ళిద్దరూ అత్తాకోడండ్ల మాదిరి కొట్లాడుకుంటాండిరి, తల్లీబిడ్డల మాదిరి ఏడుస్తాండిరి. జేజికి గస ఎత్తుకున్నప్పుడు మా అమ్మ మొగం చూడాల. ఆ గాలేదో తనకు ఆడనట్ల నోరు తెరుచుకొని, జేజితో పాటు భుజాలు ఎగరేస్తాండె. "ఈమె పోతే నాకు ఎవురుండారు?" అని మా నాయన ముందరే అంటాండె. మా నాయన ఏమీ అనుకుంటాండ్లేదు పాపం.

ఆసుపత్రి నుంచి వచ్చిన దినం నుంచి మా అమ్మ దుమ్ము మీదికి కొంగు బిగించింది. పొడిపొరక పట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్నాది. నీళ్ళు చిలకరిచ్చి, కాసేపు ఆగి, అప్పుడు ఊడ్చాల. ఊడ్చినాక తడిబట్టతో బండలు తుడవాల. మిరపకాయలు దంచేది, పసుపు కొట్టేది, చాట పట్టి చెరిగేది అన్నీ దొడ్లో, అదీ గాలి ఎటు పోతాందో చూసుకొని. బొంతలు, దిండ్లు దులపాలంటే వంక గట్టుకు మోసుకపోతాండె. మా నాయన బోర్డు స్కూల్లో అయ్యవారు. చొక్కా మీద సుద్దపొడి ఉంటాదని ఆయన చేత వీధి వైపు పంచలోనే చొక్కా విప్పిస్తాండె. "ఊరి పిల్లోళ్ళంతా నాకు లేచి నిలబడి దండం పెడతారు, నా పెండ్లాం మాత్రం గుడ్డలిప్పి బజార్లో నిలబెడతాంది" అని ఆయన గొణుగుతాండె. గొణుగుతానే విప్పుతాండె. వీధిలో ఆడోళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "మట్టి ఇంట్లో ఉండి మట్టి వద్దంటే యెట్లమ్మే?" అని ఎగతాళి. మా అమ్మ ఊరుకునే రకమా? "మీ అత్తలు సచ్చిపోతే మీకు సుఖం, మా అత్త సచ్చిపోతే నాకు దుఃఖం, మీకూ నాకూ పోలికేంది?" అని నిలబెట్టి అడిగింది.

ఇంత చేసినా పైనుంచి రాలేది రాలతానే ఉండె. పాత కోకలు కలిపి కుట్టి జేజి మంచం పైన దూలాలకు కట్టింది. కొన్నాళ్ళు బాగుండె. ఆ కోక మట్టితో నిండి పొట్ట మాదిరి కిందికి దిగింది. దాన్ని విప్పబోతే ఒక మూల జారి, గంపెడు మట్టి జేజి తల మీదనే పడింది. ఆ పొద్దు జేజి బతకదనే అనుకుంటిమి. పెదాలు నీలమెక్కినాయి. మా అమ్మ జేజి మొగం కడగతా, తన చెంపలు తనే వాయించుకుంటా, "ఓయమ్మో, నా చేతులారా నేనే చంపుకుంటి" అని ఏడ్చిన ఏడుపు నాకు ఇంకా చెవుల్లో ఉండాది.

అప్పుడు మా చిన్నాయన ఒక ఉపాయం చెప్పినాడు. చిన్నాయన జేజికి చిన్నకొడుకు. పెండ్లి కాలేదు. పులివెందుల కాడ కొండల్లో రాతినార తీసే గనిలో పని. రాతినార అంటే రాయే, కానీ గోటితో గీరితే పోగులు పోగులుగా, తెల్లగా, పట్టు మాదిరి వస్తాది. లోపల మొగోళ్ళు రాయి కొట్టుకొస్తే, బయట ఆడోళ్ళు సుత్తులతో చితగ్గొట్టి నార తీస్తారంట. సెలవు దొరికినప్పుడు చిన్నాయన బస్సెక్కి వస్తాండె. మా అమ్మ ఆయనను గడప తొక్కనిస్తుందా? దొడ్లో కాగు నిండా నీళ్ళు పెట్టి, "మునిగి లేచి రాప్పా, ఆమె ఎదురుచూస్తాంది" అంటాండె. జేజి లోపలినుంచి, "వచ్చినావా కొడకా, యాడుండావు, మొగం చూపిచ్చరా" అని అరుస్తాండె. చిన్నాయన నన్ను పిలిచి తల దులుపుకుంటాండె. ఎండలో తెల్లగా, సన్నగా లేస్తాండె. "చూడమ్మే, మీ చిన్నాయన ముసిలోడు అయిపోయినాడు" అని నవ్విస్తాండె. ఆ దులుపుకున్న గుడ్డలు మా అమ్మే విదిలిచ్చి, జాడిచ్చి, ఆరేస్తాండె. జేజికి తగలకుండా గాలికి అవతల నిలబడి విదిలిస్తాండె. తనకు తగిలేది ఆమె లెక్కలోనే లేదు.

ఆ తూరి వచ్చినప్పుడు తువ్వాల మూటలోనుంచి నార తీసి పొయ్యిలో పెట్టినాడు. ఎర్రగా కాలింది, బయటికి తీస్తే మళ్ళా తెల్లగా అట్లే ఉండె. మేమంతా నోరు తెరుచుకొని చూస్తిమి. "చూడు వొదినా, నిప్పుకు కాలదు, నీళ్ళకు మురగదు, చెదలు తినదు. ఇది రాయి, రాయి యాడన్నా రాలతాదా? దంతెల సందుల్లో దీన్ని గట్టిగా కుక్కి, కింద మందపు గుడ్డ బిగిచ్చి కొడితే ఈ జన్మలో మట్టి రాలదు" అన్నాడు. మా అమ్మ ఆ నారను చెంపకు రాసుకొని చూసింది. మెత్తగా ఉండె. "మా యప్పనే, యాడనుంచి వచ్చిందప్పా నీకు ఈ తెలివి" అని చిన్నాయన తలకు మెటికలు విరిచింది. మా ఇంట్లో దుమ్మంటే మట్టి. కాళ్ళకంటేది, కంట్లో నలుసయ్యేది, పొరకకు దొరికేది. నార అంటే తాడు పేనేది, బట్ట కుట్టేది. నార దుమ్మవుతాదని ఎవురికి తోస్తాది?

తర్వాత సెలవుకు గోతాము నిండా తెచ్చినాడు. గడ్డలు గడ్డలుగా ఉంటే సందుల్లోకి పట్టదు, దాన్ని మెత్తగా విడగొట్టాల. మా వీధి కొసన దూది ఏకే మామ ఉండె, సాయిబుల మామ. విల్లు భుజానేసుకొని ఇండ్లకు పోయి దిండ్లకు, పరుపులకు దూది ఏకతాండె. ఆయనను పిలిచినారు. "ఏందక్కా, రాయిని ఏకమంటాండావు!" అని ఆయన మా అమ్మను ఎగాదిగా చూసి, నార చేతిలోకి తీసుకొని, "సరే తే, దూదిని అందరూ ఏకతారు, రాయిని ఏకిన మొగోడు ఈ పొద్దుటూరు మొత్తానికి నేనొక్కణ్ణే ఉంటా" అని కూకున్నాడు. మా అమ్మ అన్నిట్లో తడి మనిషి కదా, చెంబుతో నీళ్ళు తెచ్చింది చల్లడానికి. చిన్నాయన వద్దన్నాడు. తడినార కుక్కితే మిద్దె మట్టి నాని కూలతాదన్నాడు. నిజమే కదా అని మా అమ్మ చెంబు పక్కన పెట్టింది. మా ఇంట్లో పొడిగా చేసిన పని ఆ ఒక్కటే.

జేజిని ముందే పక్కింటికి పంపిచ్చి తలుపులు మూసినారు, దుమ్ము లేస్తాదేమోనని. జేజి మంచముండే పడసాలలో మామ విల్లు మీటతాంటే టంగు టంగుమని ఒకటే మోత. నార లేచి, మిద్దెకుండే గవాచిలోనుంచి పడే ఎండలో తెల్లగా తిరగతాండె. ఎంత బాగుండెనో చెప్తే తప్పుగా ఉంటాదేమో గాని, బాగుండె. మా అమ్మ జుట్టు, రెప్పలు, మెడ అంతా తెలుపు. చిన్నాయన నిచ్చెన మీద నిలబడి నోరు పైకి తెరుచుకొని కట్టెతో కుక్కుతాండాడు. మా నాయన కిందినుంచి అందిస్తాండాడు. నేను పిడికెడు తీసి మూతికి మీసం పెట్టుకొని ఎగిరితే అందరూ కడుపు పట్టుకొని నగిరి. మామ దగ్గుకుంటా నగినాడు. మా ఇంట్లో అందరం కలిసి అంత నగింది మళ్ళా లేదు. ఇప్పుడు నాకు కండ్లు మూస్తే ఆ ఎండే కనపడతాది, ఆ తెలుపే కనపడతాది, నేను గట్టిగా ఊపిరి బిగపడతా. ఇన్నేండ్ల తర్వాత బిగపట్టి ఏం లాభం? ఆ మామ కమలాపురంలో కూతురి కాడికి పోయినాడని విన్నా. ఏమైనాడో తెల్దు. మా అమ్మ శానా ఏండ్లు బతికింది. కడదాకా దగ్గు ఉండె. అది ఆ దగ్గో, ముసిలితనం దగ్గో ఎవురూ తేల్చి చెప్పలేదు. నా లోపల ఏముండాదో నాకూ తెల్దు, అడగబుద్ధీ కాదు.

మట్టి రాలేది నిలిచిపోయింది. అది మాత్రం నిజం. చిన్నాయన చెప్పినట్లే రవ్వంత మట్టి గూడా రాలలేదు. ఆ వానకాలం ఒక మధ్యాన్నం నేను బడి నుంచి వస్తే ఇంట్లో సప్పుడు లేదు. లోపలికి పోతే జేజి మంచం మీద కాళ్ళు చాపి, ఒత్తిగిలి పండుకొని నిద్రపోతాంది. మా అమ్మ మంచం పక్కన కింద కూకోని, నోట్లో కొంగు కుక్కుకొని ఏడుస్తాంది. నన్ను చూసి, "సప్పుడు చెయ్యాకు, మీ జేజి పండుకున్నాదే" అన్నాది. పెండ్లిమర్రి నుంచి వచ్చిన చుట్టాలకు గూడా ఆ నిద్ర గురించే చెప్పింది, వాళ్ళు తెచ్చిన కబుర్లు వినకుండా.

అట్ల కొన్నేండ్లు బాగా జరిగిపోయినాయి. హైదరాబాదు రాజధాని అయింది. నేను ఓణీ వేసుకుంటి. జేజి పూర్తిగా బాగయ్యిందని కాదు గాని, మనిషి తేరుకున్నాది, మా అమ్మను తిట్టే ఓపిక వచ్చింది. ఒక దినం చిన్నాయన వచ్చినాడు. ఇంకా దొడ్లో నీళ్ళు పోసుకుంటాండాడు. లోపల జేజి చేతిలో తమలపాకు పక్కన పెట్టి, తల ఒక పక్కకు వంచి, "ఏమ్మే, ఎవురే అది?" అన్నాది మా అమ్మను. "ఎవురేంది అత్తా, నీ కొడుకే." "వాడు గసపోసుకుంటాండాడే." "బస్టాండు నుంచి నడిచి వచ్చినాడు, మనిషన్నాక ఆయాసం రాదా?" జేజి తల అడ్డంగా ఊపింది. "నాకు చెప్పాకు. గస నాకు తెలుసు. నాది గొంతులో కూస్తాది. వానిది అట్ల కాదు. అడుగున యాడనో ఆగిపోతాంది."

చిన్నాయన నగినాడు. "నీ గస నాకు పంచిచ్చినావా మా?" అని ఎగతాళి చేసినాడు. జేజి నగలేదు. ఆయన కూకున్నంతసేపూ ఆయన రొమ్ము మీదనే కండ్లు పెట్టుకొని కూకున్నాది. తర్వాత వచ్చినప్పుడల్లా అట్లే. ఏడాది తిరక్కముందే మాకూ కనపడింది. మెట్లెక్కితే నిలబడిపోతాండె. పొడిదగ్గు. వేళ్ళ కొసలు ఉబ్బినాయి. మా అమ్మ ఇంక ఆగలేక, "జమ్మలమడుగుకు పోదాం పదప్పా" అని ముందర పడింది. మా నాయనకు బడి, అందుకని నేనూ వాళ్ళతో పోతి.

అదే డాక్టరమ్మ. జుట్టు తెల్లబడిపోయింది. ఎక్స్‌రే పటాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, "ఏమి పని చేయుదువు నాయనా?" అని అడిగింది. "రాతినార పని తల్లీ, పులివెందుల కాడ." ఆమె పటం కిందికి దించి, కుర్చీలో కూకున్నాది. "ఆ పనికి మరల పోవద్దు. ఆ నార దుమ్ము లోపలికి పోయిన తరువాత తిరిగి రాదు. దానికి నా దగ్గర మందు లేదు" అన్నాది. మా అమ్మ అడిగింది, "నార దుమ్మయితాదా తల్లీ?" అని. "అదియే దుమ్ము. కంటికి కనపడనంత సన్నము. అందుకే లోపలి దాకా పోవును." చిన్నాయన లేచి దండం పెట్టి, "పదండి, బస్సు పోతాది" అన్నాడు.

ఇంటికి వచ్చి, మా అమ్మ కాళ్ళు గూడా కడుక్కోకుండా పడసాలలోకి పోయి, జేజి మంచం పక్కన నిలబడి తల పైకెత్తింది. జేజి పండుకొని ఉండాది. మంచానికి పైన గుడ్డ, గుడ్డ పైన నార. మా అమ్మ తల దించలేదు. ఆ మొగం చూసి నాకు అప్పుడు అర్థమైంది.

మొత్తం పీకేస్తానన్నాది మా అమ్మ. నిచ్చెన తెప్పిచ్చింది, గోనెపట్టలు తడిపింది. చిన్నాయన నిచ్చెనకు అడ్డం నిలబడినాడు. "పీకితే ఇల్లంతా లేస్తాది వొదినా. కుక్కినప్పుడు లేచింది చూసినావు కదా. ఇన్నేండ్లు ఎండి ఉండాది, ఇప్పుడు తాకితే మనిషికి మనిషి కనపడడు." "తడిపి పీకుతా." "తడిపితే మిద్దె దిగతాది." "అయితే మిద్దెనే పడగొడదాం!" అని మా అమ్మ అరిచింది. పడగొడితే ఆ నార వీధంతా లేస్తాదని అందరికీ తెలుసు. మా నాయన తల పట్టుకొని గడప మీద కూకున్నాడు. తీసేదానికి లేదు, ఉంచుకునేదానికి లేదు. మేము చేతులారా చేసుకున్నది మా నెత్తిన్నే ఉండాది.

డాక్టరమ్మ ఏమన్నాదో మేము జేజికి చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సిన పని ఏముండాది? "ఏమ్మే" అని పిలిచింది మా అమ్మను. "ఆ నిచ్చెన బయట పెట్టు. నా మంచం యాడుండాదో ఆడనే ఉండనీ. వాని మంచం నా పక్కన వెయ్యి. మీరంతా పంచలోకి పొండి. ఈ గడప ఇంక ఎవురూ తొక్కాకండి."

"నిన్ను గూడా పంచలోకి మారుస్తా అత్తా" అన్నాది మా అమ్మ. "పంచలో వీధి దుమ్ము. వారం బతకను. ఈ నార నన్ను చంపాలంటే దానికి ఏండ్లు పడతాది, అన్నేండ్లు నాకు యాడుండాయే? వానికి పట్టాల్సింది ఎట్లా పట్టింది. మాకిద్దరికీ ఈడ భయం లేదు. మీరు వయసులో ఉండారు. ఈ పిల్లకు ముందర బతుకుండాది." ఊపిరి చాలక మధ్యలో ఆగి ఆగి చెప్పింది. మా అమ్మ వాదించబోతే, "నిన్ను నేను ఎప్పుడన్నా ఏమన్నా అడిగినానా? ఇది అడుగుతాండా" అన్నాది. మా అమ్మ నిచ్చెన ఎత్తుకొని బయటికి పోయింది.

అట్ల మా ఇల్లు రెండయ్యింది. మేము పంచలో, వంటింట్లో. వంటింటికి దొడ్డి వైపు నుంచి పోతాంటిమి. పడసాలలో వాళ్ళిద్దరూ. మా అమ్మ కంచం గడప ఇవతల పెట్టి బండ మీద నెడితే జర్రున లోపలికి పోతాది. జేజి వంగి తీసుకొని కొడుకు నోటికి పెడతాండె. అన్నేండ్లు మేము దుమ్ము తుడిచి కాపాడిన మనిషి, ఒక చేత మంచంకోడు పట్టుకొని ఇంకో చేత తడిబట్టతో కొడుకు మంచం చుట్టూ బండలు తుడుస్తాంటే, మా అమ్మ గడప కాడ నిలబడి కొంగు నలుపుకుంటా చూస్తాండె. "నేను వస్తా అత్తా, ఒక్క గడియ" అంటే, జేజి తడిబట్ట ఎత్తి చూపిచ్చి బెదిరిస్తాండె. "కాలు పెడితే ఈ బట్ట నీ మొగాన కొడతా."

నేను గడపకు ఇవతల చాప మీద కూకోని చదువుకుంటాంటి. లోపల రెండు ఊపిర్లు. జేజిది పొడుగ్గా, కూతతో. చిన్నాయనది పొట్టిగా, పొడిగా, సగంలో తెగిపోయేది. దినదినానికి అది ఇంకా పొట్టిగా అయితాంటే చదువు తలకెక్కుతాదా? కొన్నిసార్లు జేజి తన ఊపిరి ఆయన ఊపిరికి తగినట్ల చిన్నది చేసుకుంటాండె, ఆయనకు ఒంటరిగా తోచకుండా. ఎండలు ముదిరిన కాలంలో ఒక ఉదయం, నేను జడ వేసుకుంటాంటే, లోపల ఒక ఊపిరే వినపడింది. సగం జడతోనే పోయి మా అమ్మను పిలిస్తి. వీధిలో మొగోళ్ళు మొగాలకు తువ్వాలలు కట్టుకొని వచ్చి చిన్నాయనను ఎత్తుకపోయినారు. జేజి గడప దాకా వచ్చి ఆగింది. కొడుకును సాగనంపేదానికి గూడా ఆ గడప దాటలేదు. దాటితే తన గుడ్డలకున్నది మాకు తగులుతాదని.

ఆ తర్వాత మా అమ్మ ఎంత బతిమాలింది, ఎంత తిట్టింది! "వాడు పోయినాడు కదా, ఇంకెవురి కోసరం ఆడుండావు? బయటికి రా, నీళ్ళు పోస్తా, కొత్తకోక కడతా, పంచలో తడికెలు కట్టి దుమ్ము రాకుండా చేస్తా" అని గడప కాడ కూకోని ఏడుస్తాండె. జేజి వినలేదు. "నన్ను బతికిచ్చేదానికి పోయి ఈ ఇంటిని ఇట్ల చేసుకుంటిరి. ఇంక చాలు" అన్నాది. ఆ మాట అన్నందుకు మా అమ్మ పొద్దంతా అన్నం ముట్టలేదు.

వానలు పడేముందు ఒక మధ్యాన్నం జేజికి ఎక్కువైంది. గాలి ఎత్తి, వీధంతా ఎర్రగా దుమ్ము లేచింది, పంచలోనుంచి లోపలికి కొట్టింది. తలుపు మూసినా ఆగలేదు. లోపల దగ్గు మొదలై నిలబడలేదు. మేము గడప కాడ నిలబడినాము. జేజి మోకాళ్ళ మీద దిండు పెట్టుకొని వాలింది, భుజాలు ఎగరేస్తాంది, గాలి దొరకలేదు. కండ్లు మా అమ్మ మీదనే ఉండాయి. మా నాయన డాక్టరు కోసరం పరిగెత్తినాడు. మా అమ్మ గడప కాడ అటూ ఇటూ ఊగతాంది. నోరు తెరుచుకొని, జేజితో పాటే భుజాలు ఎగరేస్తాంది. ఉన్నట్లుండి గడప దాటింది. మొగానికి కొంగు గూడా కట్టుకోలేదు. పోయి మంచం మీద కూకోని జేజిని ఒళ్ళోకి లాక్కున్నాది.

జేజి మాట్లాడేదానికి గాలి లేదు. చెయ్యెత్తి మా అమ్మ రొమ్ము మీద పెట్టి నెట్టింది, తలుపు దిక్కు. మా అమ్మ కదల్లేదు. "యాడికీ పోనత్తా" అన్నాది. జేజి మళ్ళా నెట్టింది. ఊపిరి లేని మనిషికి ఆ బలం యాడనుంచి వచ్చిందో. మా అమ్మ ఇంకా గట్టిగా పట్టుకున్నాది. కూత చిన్నదయ్యింది, ఇంకా చిన్నదయ్యింది, నేను చెవి పెట్టి వినాల్సి వచ్చింది. ఆ చెయ్యి మాత్రం నెడతానే ఉండె. ఊపిరి వినపడేది నిలిచిపోయినాక గూడా ఇంకొకసారి నెట్టింది.